ఏజెంటు మెయిల్‌కి ‘ఓకే సార్’ అన్నాను, నా పుస్తకం నాదేనా?

ప్రశ్న: మాది విజయనగరం. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. తప్పెటగుళ్లు అనే మన జానపద కళ మీద ఇంగ్లీషులో చేసిన నా పీహెచ్‌డీని పుస్తకంగా తేవాలని ఢిల్లీలోని ఒక లిటరరీ ఏజెంటుకి (రచయితల తరఫున పబ్లిషర్లతో మాట్లాడే మనిషి) మెయిల్ పెట్టాను. చాలా బాగుందన్నారు. మూడు అధ్యాయాలు తెప్పించుకున్నారు, పేరు మార్చమన్నారు, ముందుమాట రెండుసార్లు తిరగరాయించారు. ఎడిటింగ్ ఖర్చులంటే 30,000 రూపాయలు పంపాను. తర్వాత నాలుగు పేజీల అగ్రిమెంటు వచ్చింది. చదివితే భయమేసి సంతకం పెట్టలేదు. ఎనిమిది నెలలుగా ఆయన దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు హైదరాబాద్ పబ్లిషర్ ఒకరు వేస్తామంటున్నారు. ఇవ్వొచ్చా? రేపు ఆ ఏజెంటు వచ్చి హక్కులు నావంటే? నా డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు: మీరు పంపిన మెయిళ్లు నలభై పైచిలుకు ఉన్నాయి, అన్నీ చదివాను. అసలు విషయమంతా రెండింటిలోనే ఉంది. ఒకటి ఆయన రాసింది. ఇకపై ఈ పుస్తకానికి తానొక్కడే మీ ప్రతినిధి అనీ, వచ్చే రాయల్టీలో 15 శాతం తనదనీ మూడో పేరాలో ఉంది. రెండోది మీ జవాబు. పదకొండు నిమిషాలకే ‘ఓకే సార్, ప్లీజ్ ప్రొసీడ్’ అని కొట్టారు. ఆ మూడో పేరా మీరు చదివారని నాకనిపించడం లేదు.

అయినా కంగారు పడకండి. పుస్తకం మీదే. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 17 ప్రకారం రాసినవాళ్లే తొలి హక్కుదారులు. ఆ హక్కు ఇంకొకరికి పోవాలంటే సెక్షన్ 19 కింద రాతపూర్వకంగా, మీ సంతకంతో ఇవ్వాలి. ఏ రచన, ఏ హక్కు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి అన్నది కాగితంలో ఉండాలి. మెయిల్ కింద టైపు చేసిన పేరే సంతకమని వాదించేవాళ్లూ ఉంటారు. కానీ మీ మెయిల్లో ఫలానా హక్కు రాసిచ్చేస్తున్నాను అన్న మాటే లేదు. సంతకం పడని ఆ నాలుగు పేజీలకు విలువ లేదు. అందులో వివాదాలు ఢిల్లీ కోర్టుల్లోనే తేలాలన్న షరతు మిమ్మల్ని బాగా భయపెట్టినట్టుంది, అదీ అంతే. రేపు ఆయన మీ రచనను ఎక్కడైనా అచ్చు వేయించినా, సెక్షన్ 62 ప్రకారం మీరు నివసించే చోటే, అంటే విజయనగరం జిల్లా కోర్టులోనే దావా వేయొచ్చు. యూనివర్సిటీ మీ థీసిస్‌ని శోధ్‌గంగలో (పీహెచ్‌డీ థీసిస్‌లు ఉంచే వెబ్‌సైట్) పెట్టినంత మాత్రాన కూడా మీ కాపీరైట్ పోదు.

చిక్కు ఇంకోచోట ఉంది. పుస్తకం మీద హక్కు వేరు, మీ తరఫున మాట్లాడే అధికారం వేరు. ఆ అధికారం ఇవ్వడానికి స్టాంపు పేపరు అక్కర్లేదు. భారత కాంట్రాక్టు చట్టం 1872 ప్రకారం నోటిమాటతోనూ ఏజెన్సీ ఏర్పడుతుంది. మెయిళ్ల మీద కుదిరిన ఒప్పందం చెల్లుతుందని ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం సెక్షన్ 10ఎ చెబుతోంది. కాబట్టి మీ ‘ఓకే సార్’తో ఆయన మీ ఏజెంటు అయ్యాడనే అనుకుని నడుచుకోండి. మన తెలుగు పుస్తకాల్లో ఏజెంటు అనే మనిషి దాదాపు కనబడడు. రచయితే ప్రెస్సుకెళ్లి మాట్లాడుకుని, అచ్చేయించి, పంచుకుంటాడు. అందుకే చదువుకున్నవాళ్లకి కూడా ఈ తేడా తట్టదు.

ఇచ్చిన అధికారాన్ని వెనక్కి తీసుకోవచ్చు. గడువేదీ పెట్టుకోలేదు కనుక తగిన నోటీసు ఇస్తే చాలు, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 206 అడిగేది అదే. ముప్ఫై రోజులు ఇవ్వండి. ఉత్తరం పొడుగ్గా వద్దు, తిట్లు అసలే వద్దు. ‘ఫలానా తేదీ మెయిల్‌తో మీకిచ్చిన అధికారాన్ని రద్దు చేస్తున్నాను. నా రచనను ఏయే పబ్లిషర్లకు, ఏ తేదీల్లో పంపారో జాబితా ఇవ్వండి. 30,000 రూపాయలకు లెక్క చెప్పండి’ అని రాయండి, చాలు. లెక్క అడగడం మర్యాద తక్కువేం కాదు. అడిగితే లెక్క చెప్పాల్సిన బాధ్యత సెక్షన్ 213 కింద ఏజెంటుదే. మెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి.

ఆ జాబితా ఎందుకంటారా? హైదరాబాద్ పబ్లిషర్ ఒకవేళ ఆయన ద్వారానే మీ పేరు విని ఉంటే, 15 శాతం అడిగే హక్కు ఆయనకు ఉండొచ్చు. మీ అంతట మీరు వెతుక్కున్న పబ్లిషరైతే ఆ వాదన నిలబడడం కష్టం. పైగా కొత్త పబ్లిషర్ అగ్రిమెంటులో ‘ఈ రచనపై ఇంకెవరికీ ఏ హక్కూ లేదు’ అని మీచేత రాయించుకుంటాడు. రద్దు ఉత్తరం వెళ్లకుండా అక్కడ సంతకం పెట్టకండి.

ఇక డబ్బు. ఈ వృత్తిలో ఎక్కడైనా ఆనవాయితీ ఏమిటంటే, పుస్తకం అమ్ముడైతే కమిషన్ తీసుకోవాలి గానీ ముందే రచయిత దగ్గర పైసలు గుంజకూడదు. ఎడిటింగ్ అని తీసుకుని ఎడిటింగ్ చేయలేదు కాబట్టి ఇది సేవా లోపం. మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. మీరు ఇక్కడ ఉంటున్నారు, 2019 వినియోగదారుల రక్షణ చట్టానికి అది చాలు. ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, వకీలు కూడా తప్పనిసరి కాదు. (ఈ మాట చెబితే మా వకీళ్ల బార్ అసోసియేషన్‌లో నన్ను కొరకొరా చూస్తారు.) రెండేళ్ల లోపు వేయాలి. మీరు వ్యాపారం కోసం చేశారని అవతలివాళ్లు అంటారు. మీరు ఉద్యోగస్తులు, పుస్తకాల వ్యాపారి కాదు అని జవాబు చెప్పండి. క్రిమినల్ కేసు మాత్రం తొందరపడి వద్దు. మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. మీ మెయిళ్లలో ఆయన మొదటి ఆరు నెలలు బాగానే పనిచేసినట్టు కనిపిస్తోంది.

మీరు అడగని సంగతి ఒకటి. పుస్తకంలో క్యూఆర్ కోడ్ పెట్టి బృందాల పాటలు వినిపిస్తామని ఒక మెయిల్లో రాశారు. తరతరాలుగా పాడుతున్న పాట ఎవరి సొత్తూ కాదు. గురువు సొంతంగా కట్టిన పాటైతే అది ఆయనది. రేకు తప్పెట రొమ్మున కట్టుకుని పాడిన ఆ గొంతుల రికార్డింగు మీద కళాకారులకు కాపీరైట్ చట్టం సెక్షన్ 38 కింద హక్కుంది. మీరు రికార్డు చేసినంత మాత్రాన అది మీది కాదు. ఊరెళ్లినప్పుడు ఒక్కొక్కరి దగ్గరా తెలుగులో రాసిన సమ్మతి పత్రం తీసుకోండి. సంతకం రానివాళ్లతో వేలిముద్ర వేయించి, ఇద్దరు సాక్షుల్ని పెట్టండి.

కొత్త అగ్రిమెంటులో గడువు, ప్రాంతం రాయించండి. రాయకపోతే గడువు ఐదేళ్లు, ప్రాంతం భారతదేశమని కాపీరైట్ చట్టమే అనుకుంటుంది. తెలుగు అనువాదం హక్కు మీ దగ్గరే ఉంచుకోండి, ఆ పాటలు పాడినవాళ్లు చదువుకునేది ఆ పుస్తకమే.

ఫోన్ మారుస్తున్నానన్నారు కదా, ఆగండి. మీ మెయిళ్లను కోర్టులో సాక్ష్యంగా చూపాలంటే, ఇప్పటి సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ జతచేయాలి, ఉత్త ప్రింటవుట్లు చాలవు. ఆ పని అయ్యేదాకా పాత ఫోన్‌ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి.