మాటతో గీజరు వెయ్యొచ్చా? స్మార్ట్ స్పీకర్లపై మీ ప్రశ్నలు

ప్రశ్న: మా నాన్నగారు తెల్లవారుజామున నాలుగున్నరకే స్నానం చేస్తారు. స్పీకరుకి చెబితే గీజరు పడేలా స్మార్ట్ ప్లగ్ పెట్టాం. కొద్దిరోజులకే ప్లగ్ వేడెక్కి కాలిన వాసన వచ్చింది. ప్లగ్ మంచిది కాదా, వైరింగు తప్పా?
— కొర్లగుంట, తిరుపతి

జవాబు: ముందు ఆ ప్లగ్ తీసేయండి. తర్వాత దాని వెనక అచ్చువేసిన అంకె చూడండి. 6 లేదా 10 ఆంపియర్లు అని ఉంటే అది గీజరుకి పనికొచ్చేది కాదు. వాట్లను 230తో భాగిస్తే ఎన్ని ఆంపియర్లో తెలుస్తుంది. 2000 వాట్ల గీజరు సుమారు 8.7 ఆంపియర్లు, 3000 వాట్లది 13 ఆంపియర్లు లాగుతుంది. 10 ఆంపియర్ల ప్లగ్‌కి 2000 వాట్లు లెక్కలో సరిపోయినట్టే కనబడతాయి. కానీ అంత కరెంటు ఆగకుండా పారేసరికి లోపలి రిలే (కరెంటుని కలిపి, విడదీసే చిన్న స్విచ్), పిన్నులు వేడెక్కుతాయి. పైగా గీజరు లావు పిన్నులు చిన్న ప్లగ్‌లో పట్టవని మధ్యలో కన్వర్టరు దూరుస్తారు. కాలిన వాసన చాలాసార్లు మొదలయ్యేది అక్కడే. గీజరుకి 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ తప్ప వేరేది వద్దు, కన్వర్టరు అసలే వద్దు.

మీది 16 ఆంపియర్లదే అయితే అనుమానించాల్సింది గోడ సాకెట్‌ని. పాతబడిన సాకెట్‌లో పిన్నుని పట్టుకునే రేకు వదులవుతుంది, ఆ ఒక్కచోటే వేడి పుడుతుంది. మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్‌తో సాకెట్ విప్పించండి. వైరు బిగించేచోట నల్లబడి ఉంటే సాకెట్ మార్చాల్సిందే. గీజరు లైనుకి 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి వైరుండాలి. 4 అయితే ఇంకా మంచిది. ఎర్తింగు ఉందో లేదో కూడా అప్పుడే చూపించుకోండి. ప్లగ్ బాత్రూము లోపల కాకుండా బయటి గోడకి ఉండాలి. లోపలి ఆవిరికి అది ఎక్కువ కాలం నిలవదు.

ఇక టైము. 15 లీటర్ల నీళ్లు 28 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు చేరడానికి 2000 వాట్ల గీజరుకి సుమారు 14 నిమిషాలు పడుతుంది. ఉప్పు బోరు నీళ్లు వాడే ఇళ్లలో కాయిల్ మీద గార పేరుకుని ఇంకొంచెం ఆలస్యమవుతుంది. కాబట్టి 4:10కి ఆన్, 4:30కి ఆఫ్ చాలు.

అందరూ ‘ఆన్’ గురించే ఆలోచిస్తారు, జాగ్రత్త పడాల్సింది ‘ఆఫ్’ దగ్గర. స్పీకరు యాప్‌లోని రొటీన్‌లో (వరసగా జరగాల్సిన పనులు ముందే రాసిపెట్టుకునేచోట) ఆన్, 20 నిమిషాల వెయిట్, ఆఫ్ అని పెట్టుకోవచ్చు. అయితే ఆ మధ్యలో నెట్ పోతే ఆఫ్ అనే ఆదేశం ప్లగ్‌దాకా రాదు, గీజరు అలాగే ఉండిపోతుంది. అందుకే ఆఫ్ టైమరు ప్లగ్ కంపెనీ సొంత యాప్‌లో పెట్టండి. చాలా ప్లగ్‌లలో ఆ టైమరు ప్లగ్ లోపలే నడుస్తుంది. మీ దాంట్లో నడుస్తుందో లేదో పరీక్షించుకోండి: ప్లగ్‌కి ఒక బల్బు తగిలించి, 5 నిమిషాల టైమరు పెట్టి, రూటరు ఆపేయండి. అయిదు నిమిషాలకు బల్బు ఆరితే సరే. ఆరకపోతే ఆ ప్లగ్‌ని గీజరుకి వాడకండి. అదే యాప్‌లో ‘కరెంటు తిరిగొచ్చాక’ ఏ స్థితిలో ఉండాలో అడిగే సెట్టింగు ఉంటుంది, దాన్ని ఆఫ్‌లో పెట్టండి. లేదంటే ఇంట్లో ఎవరూ లేనప్పుడు కరెంటు పోయి వచ్చినా గీజరు దానంతటదే పడవచ్చు.

ప్రశ్న: ఒక హెచ్‌పీ బోరు మోటారుని కూడా ఇలాగే స్పీకరుతో వెయ్యొచ్చా?
— మురకంబట్టు, చిత్తూరు

జవాబు: ప్లగ్‌తో నేరుగా వద్దు. నడిచేటప్పుడు ఆరేడు ఆంపియర్లే లాగే మోటారు, మొదలయ్యే క్షణంలో దానికి అయిదారు రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకి ప్లగ్‌లోని రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. అప్పుడు మీరు ఆఫ్ అంటారు, యాప్‌లోనూ ఆఫ్ అనే కనబడుతుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. బోరులో నీళ్లు అయిపోతే వైండింగు కాలుతుంది.

చేయాలంటే ఇప్పుడున్న స్టార్టరు బోర్డు, ఓవర్‌లోడ్ రక్షణ అలాగే ఉంచి, స్మార్ట్ రిలేతో కాంటాక్టరు (మోటారు కరెంటుని తట్టుకునే పెద్ద స్విచ్) కాయిల్‌ని మాత్రమే నడిపించాలి. నీళ్లు లేకపోతే మోటారుని ఆపేసే డ్రై రన్ రక్షణ కూడా ఉండాలి. అది ఎలక్ట్రీషియన్ పని. మా సలహా అడిగితే, ట్యాంకులో వాటర్ లెవల్ కంట్రోలర్ పెట్టించుకోండి. నిండితే ఆపుతుంది, తగ్గితే వేస్తుంది, దానికి నెట్‌తో పనిలేదు. స్పీకరుని ‘మోటారు చూడు’ అని రోజూ ఒక టైముకి గుర్తుచేయడానికి వాడుకోండి. పొలంలోని మూడు ఫేజుల మోటారుకి ఇవేవీ వర్తించవు.

ప్రశ్న: మా అత్తగారికి తెలుగు తప్ప రాదు. ఎకో డాట్ ఆమె మాట వింటుందా?
— తిరుచానూరు

జవాబు: ఎకో డాట్ లాంటి అలెక్సా స్పీకర్లు మన దేశంలో ఇంగ్లిష్, హిందీల్లోనే మాట్లాడతాయి. అయినా లైటు, ఫ్యాను, ఆన్, ఆఫ్ అనే మాటలు మీ అత్తగారికి కొత్తవి కావు. “అలెక్సా, హాల్ లైట్ ఆఫ్” అంటే చాలు, మిగతా వాక్యం అక్కర్లేదు. చిక్కంతా మనం పెట్టే పేర్లతోనే వస్తుంది. యాప్‌లో ‘వంటిల్లు’, ‘పడకగది’ అని పెడితే అది ఇంకేదో అనుకుంటుంది. ‘కిచెన్ లైట్’, ‘బెడ్‌రూమ్ ఫ్యాన్’ అని పెట్టండి. ‘ఫ్యాన్’ ఒకటి, ‘ఫ్యాన్ టూ’ ఒకటి పెట్టినా తికమకపడుతుంది.

పాటల విషయంలో ఇంకో ఉపాయం. తెలుగు కీర్తనల పేర్లు ఇంగ్లిష్ చెవికి సరిగ్గా అందవు. ఆమెకిష్టమైన దేవుడి పాటలన్నీ మ్యూజిక్ యాప్‌లో ఒక ప్లేలిస్టుగా చేర్చి, దానికి ‘మార్నింగ్’ అని పేరు పెట్టండి. “అలెక్సా, ప్లే మార్నింగ్ ప్లేలిస్ట్” అన్న ఒక్క మాట ఆమె నేర్చుకుంటే సరిపోతుంది.

స్పీకరు ఎక్కడ పెట్టారన్నదీ చూసుకోండి. గోడకి, కిటికీకి కనీసం 20 సెంటీమీటర్లు ఎడం ఉండాలి. మిక్సీ పక్కన, టీవీ ముందు పెడితే ఎంత అరిచినా వినదు.

ప్రశ్న: స్పీకరు వైఫైకి కలిసింది, స్మార్ట్ ప్లగ్ మాత్రం ఎంతకీ కలవడం లేదు. పాస్‌వర్డ్ సరైనదే.
— గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: చాలా ప్లగ్‌లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే పట్టుకుంటాయి, స్పీకర్లకు 5 గిగాహెర్ట్జ్ కూడా పడుతుంది. మీ రూటరు రెండింటికీ ఒకే పేరు చూపిస్తూ ఉండవచ్చు, ఫోను 5 మీద ఉండి ఉండవచ్చు. రూటరు సెట్టింగుల్లో రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టి, ఫోనుని 2.4 మీదికి మార్చండి. ప్లగ్ బటన్ని దాదాపు 5 సెకన్లు నొక్కిపెడితే లైటు గబగబా మిణుకుతుంది, అప్పుడు యాప్‌లో కలపండి. మొదటిసారి రూటరు ఉన్న గదిలోనే కలిపి, తర్వాత దాని చోటుకి తీసుకెళ్లండి.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడు అలారం మోగుతుందా? రూటరుకి చిన్న యూపీఎస్ కొనాలా?
— భవానీ నగర్, తిరుపతి

జవాబు: ముందే పెట్టిన అలారం నెట్ లేకపోయినా మోగుతుంది. కరెంటే లేకపోతే మోగదు. ఈ స్పీకర్లలో చాలావాటికి బ్యాటరీ ఉండదు. ఇన్వర్టరు ఉంటే రూటరునీ స్పీకరునీ ఆ లైన్లోనే పెట్టుకోండి, వేరే యూపీఎస్ అనవసరం. కొనేట్టయితే రూటరు అడాప్టరు మీద ఎన్ని వోల్టులో చూడండి. 12 వోల్టులదా, 9 వోల్టులదా అన్నది కచ్చితంగా కలవాలి, పిన్ను సైజు కూడా. ఫైబర్ కనెక్షన్ పెట్టె వేరుగా ఉంటే దానికీ కరెంటు అందాలి.

స్పీకరు ఊరికే ఉన్నప్పుడు 3 వాట్లు లాగిందనుకున్నా నెలకి రెండు యూనిట్లకు కాస్త పైన, అంతే. బిల్లు గురించి దిగులొద్దు.

ప్రశ్న: ఫ్యాను వేగం కూడా మాటతో మార్చుకోవాలంటే?
— చంద్రగిరి

జవాబు: మామూలు రిలే ఫ్యానుని వేస్తుంది, ఆపుతుంది, వేగం మార్చదు. స్విచ్ బోర్డు వెనక పెట్టే, కెపాసిటర్లతో పనిచేసే ఫ్యాన్ మాడ్యూల్ తీసుకోండి. పాత రెగ్యులేటరుని లైన్లోంచి తప్పించాలి. లైట్ల డిమ్మరుని ఫ్యానుకి తగిలిస్తే రొద చేస్తుంది, మోటారు వేడెక్కుతుంది. మాడ్యూల్‌కి న్యూట్రల్ వైరు కావాలి. బోర్డులో ప్లగ్ సాకెట్ ఉంటే న్యూట్రల్ ఉన్నట్టే.

ప్రశ్న: అమ్మ ఊళ్లో ఒంటరిగా ఉంటుంది. పడిపోతే స్పీకరుని పిలిచి సాయం అడగగలదా?
— పుత్తూరు

జవాబు: మీ ఫోనుకి కాల్ చేయగలదు, 108కీ 112కీ చేయలేదు. కాబట్టి మంచం పక్కన మామూలు ఫోను కూడా ఉండాలి. అలెక్సా యాప్ మీ ఫోన్లో ఉంచుకుని, కమ్యూనికేషన్ సెట్టింగుల్లో మీకు డ్రాప్ ఇన్ అనుమతి ఇవ్వండి. అమ్మ ఏ బటనూ నొక్కకుండానే మీరు మాట్లాడొచ్చు. ఆ అనుమతి మీ ఒక్కరికే ఉండాలి, ఆ సంగతి అమ్మకి ముందే చెప్పాలి. మీ పేరు కాంటాక్టుల్లో తెలుగు లిపిలో ఉంటే ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చండి, లేకపోతే పిలిచినా దొరకదు. స్పీకరు మీద ఎర్రలైటు వెలుగుతుంటే మైకు ఆపేసి ఉందని, అప్పుడేమీ వినదని అమ్మకి చూపించండి. పెట్టాక బాత్రూములోంచి, తలుపు మూసి, కుళాయి తిప్పి ఒకసారి పిలిపించి చూడండి. వినకపోతే స్పీకరుని ఆ తలుపుకి దగ్గరగా జరపండి.