తాళి ముందా, వీసా ముందా?

విదేశీ పౌరులతో, విదేశాల్లో స్థిరపడినవారితో పెళ్లి కుదిరిన ఇళ్ల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: మా అమ్మాయికి డాలస్‌లో ఉండే అబ్బాయితో సంబంధం కుదిరింది. అతను అమెరికా పౌరుడు. డిసెంబరులో వచ్చినప్పుడు తాంబూలాలు మార్చుకున్నాం. ఫియాన్సీ వీసా అయితే త్వరగా వస్తుందంటున్నారు. బంధువుల కోసం పెళ్లి ఇక్కడే జరిపించి, రిజిస్ట్రేషన్ మాత్రం చేయించకుండా ఆ వీసాకు పెట్టుకోవచ్చా? రిజిస్ట్రేషన్ అక్కడికి వెళ్లాక చేసుకుంటారు.
— ఒక తల్లి, హనుమకొండ

జవాబు: వద్దు. ఈ సలహా మీకు ఎవరిచ్చారో గానీ, చాలా ఇళ్లలో వినిపించేదే, చాలా కేసులు చెడగొట్టేదే. హిందూ వివాహ చట్టం ప్రకారం ఆచారం ప్రకారం తంతు పూర్తయితే పెళ్లి అయినట్టే. రిజిస్ట్రేషన్ దానికి రుజువు మాత్రమే. కె-1 అనే ఫియాన్సీ వీసా పెళ్లి కానివారికి ఇచ్చేది. ఏడడుగులు నడిచాక ‘ఇంకా పెళ్లి కాలేదు’ అని ఫారంలో రాస్తే అది అబద్ధమవుతుంది. ఫొటోలు ఎవరో ఒక బంధువు ఫేస్‌బుక్‌లో పెట్టనే పెడతారు. ఇంటర్వ్యూలో ఇది బయటపడితే వీసా ఇవ్వరు, పిటిషన్ తిరిగి అమెరికా ఇమిగ్రేషన్ శాఖకు వెళ్లిపోతుంది. మళ్లీ భార్య వీసాకు మొదటి నుంచి కట్టుకోవాలి. తప్పు సమాచారం ఇచ్చారన్న ముద్ర పడితే అది ఇంకా పెద్ద చిక్కు.

నిజంగా కె-1 కావాలంటే తాంబూలాల దగ్గరే ఆగండి. నిశ్చితార్థంలో దండలు మార్పించి, మెట్టెలు తొడిగి, తలంబ్రాల దాకా వెళ్లిపోయే వీడియోలు చూసిన అధికారికి అది పెళ్లిలాగే కనిపిస్తుంది.

ఇక ఏది మంచిదన్న ప్రశ్న. ముందు డబ్బు లెక్క చూడండి. కె-1కి ఐ-129ఎఫ్ పిటిషన్ 675 డాలర్లు, వీసా ఫీజు 265, అక్కడికి వెళ్లి పెళ్లయ్యాక గ్రీన్ కార్డుకు ఐ-485 ఫీజు 1,440. మొత్తం 2,380. కార్డు వచ్చేలోగా ఉద్యోగం చేయాలంటే వర్క్ పర్మిట్‌కు మరో 260, మధ్యలో ఇండియా వచ్చి వెళ్లాలంటే ప్రయాణ అనుమతికి 630. అన్నీ కలిపితే 3,270. అదే ఇక్కడ పెళ్లి చేసుకుని భార్య వీసాకు వెళ్తే ఐ-130 పిటిషన్ ఆన్‌లైన్‌లో 625, వీసా ఫీజు 325, స్పాన్సర్ పత్రాల పరిశీలనకు 120, గ్రీన్ కార్డు ముద్రణకు 235. మొత్తం 1,305. ఇవి 2024 ఏప్రిల్‌లో మారిన ఫీజుల ప్రకారం వేసిన లెక్క. కట్టేముందు మరోసారి సరిచూసుకోండి. మెడికల్ పరీక్ష రెండింటికీ అదనం.

అసలు తేడా దిగిన రోజు మొదలవుతుంది. భార్య వీసాతో దిగిన అమ్మాయి విమానం దిగిన క్షణం నుంచే శాశ్వత నివాసి, మర్నాడే ఉద్యోగంలో చేరవచ్చు. కె-1తో దిగిన అమ్మాయి 90 రోజుల్లో, అదీ పిటిషన్ వేసిన అబ్బాయినే పెళ్లి చేసుకోవాలి. తర్వాత నెలల తరబడి ఇంట్లో కూర్చోవాలి. ప్రయాణ అనుమతి రాకముందే అమ్మమ్మకు బాగోలేదని విమానం ఎక్కితే గ్రీన్ కార్డు దరఖాస్తు రద్దయినట్టే. ఆ 90 రోజుల లెక్కకు మూఢం, శూన్యమాసం తెలియవు. ముహూర్తం కుదరకపోతే గడువులోగా కోర్టులో పెళ్లి చేసుకుని, వేడుక తర్వాత పెట్టుకోవలసిందే. పెళ్లి తప్పిపోతే వెనక్కి రావాలి. ఆ వీసాను మరో వీసాగా మార్చుకునే వీలులేదు.

మీ ఇంటి పరిస్థితికి ఇక్కడ పెళ్లి, వెంటనే రిజిస్ట్రేషన్, ఆపై ఐ-130. ఇదే సరైన దారి. వెళ్లే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల షరతుల కార్డు ఇస్తారు. అది ముగియడానికి ముందున్న 90 రోజుల్లో షరతులు తొలగించమని ఐ-751 వేయడం మరచిపోకూడదు. వీసా చేతికి వచ్చేసరికి రెండో పెళ్లిరోజు దగ్గర పడి ఉంటే, గడువు చూసుకుని ఆ తేదీ దాటాక ప్రయాణించండి. పదేళ్ల కార్డే వస్తుంది.

కె-1 మెరుగైన సందర్భం ఒకటుంది. వధువుకు మొదటి పెళ్లి ద్వారా 18 నిండి 21 దాటని బిడ్డ ఉంటే, కె-1లో ఆ బిడ్డకు తల్లితోపాటే పిల్లలకిచ్చే కె-2 వీసా వస్తుంది. అదే పెళ్లి ద్వారా వెళ్తే, పెళ్లి నాటికి బిడ్డకు 18 దాటితే సవతి తండ్రి పిటిషన్ వేయలేడు.

ప్రశ్న: మేమిద్దరం అబ్బాయిలం. నా భాగస్వామి అమెరికా పౌరుడు. మా ముందున్న దారి ఏది?
— హైదరాబాద్

జవాబు: మీకు కె-1 సరిగ్గా సరిపోతుంది. 2023 అక్టోబరు 17 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత మన దేశంలో స్వలింగ జంట పెళ్లికి చట్టబద్ధత లేదు. అందువల్ల పెళ్లి అక్కడే జరగాలి. పిటిషన్ వేసే తేదీకి ముందు రెండేళ్లలో ఒక్కసారైనా ఇద్దరూ ముఖాముఖి కలిసి ఉండాలి. వీడియో కాల్స్ లెక్కలోకి రావు. పాస్‌పోర్టు ముద్రలు, బోర్డింగ్ పాస్‌లు, హోటల్ రసీదులు దాచుకోండి. 2025 జనవరి 23 నుంచి థాయ్‌లాండ్‌లో ఇలాంటి పెళ్లి చట్టబద్ధం. అక్కడ చేసుకుంటే భార్యాభర్తల వీసాకే వెళ్లవచ్చు, ఎందుకంటే పెళ్లి జరిగిన చోటి చట్టానికి అది చెల్లితే అమెరికా ఇమిగ్రేషన్‌కూ చెల్లుతుంది.

వీడియో కాల్‌లో చేసే పెళ్లితో జాగ్రత్త. ఎవరికి వారు వేర్వేరు దేశాల్లో కూర్చుని చేసుకున్న పెళ్లి, ఆ తర్వాత ఇద్దరూ ఒకచోట కలిసి కాపురం చేసినట్టు రుజువు లేకపోతే, వీసాకు పనికిరాదు.

ప్రశ్న: మా అబ్బాయి హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద సియాటిల్‌లో ఉన్నాడు. ఈబీ-2 అనే ఉద్యోగ ఆధారిత కోటాలో 2020లోనే ఐ-485 వేశాడు, ఏ నెలలోనైనా గ్రీన్ కార్డు రావచ్చంటున్నాడు. ముహూర్తం వచ్చే మాఘమాసంలో పెట్టుకున్నాం. గ్రీన్ కార్డు వచ్చాక చేస్తేనే కోడలికి మంచిది కదా?
— విజయవాడ

జవాబు: తిరగబడిన లెక్క ఇది. గ్రీన్ కార్డు రావడానికి ఒక్కరోజు ముందైనా పెళ్లి అయి ఉండాలి.

ఎందుకంటే, కార్డు మంజూరయ్యేనాటికే ఆమె భార్య అయితే, ఆమెది అతని కేసులో భాగమే. గ్రీన్ కార్డు క్యూలో అతని స్థానం చెప్పే తేదీయే ఆమె తేదీ. ఆమె అక్కడ ఉంటే తన ఐ-485 వేసుకుంటుంది. ఇక్కడే ఉంటే, కార్డు వచ్చాక అతను ఐ-824 ఫారం వేస్తే ముంబయి కాన్సులేట్‌లో ‘ఫాలోయింగ్ టు జాయిన్’ కింద వీసా తీసుకుంటుంది. క్యూలో పిలుస్తున్న తేదీ వెనక్కి జరిగితే ఆ నెలలు ఆగాలి గానీ కొత్త క్యూ ఉండదు. అదే కార్డు వచ్చాక పెళ్లయితే ఆమెది గ్రీన్ కార్డుదారుల జీవిత భాగస్వాములకు ఉండే ఎఫ్2ఏ అనే వేరే క్యూ. అతనికిక హెచ్-1బీ ఉండదు కనుక, దాని మీద భార్యకిచ్చే హెచ్-4 వీసా అడగడానికీ వీలుండదు. ఇద్దరూ రెండు దేశాల్లో కాపురం మొదలుపెట్టాలి. అతను పౌరసత్వం తీసుకున్నాక కేసు పౌరుడి భార్య కిందకు మారుతుంది గానీ, దానికి ఏళ్లు పడుతుంది.

ఒక విషయం అతన్నే అడగండి. హెచ్-1బీ మీదే పనిచేస్తున్నాడా, లేక ఐ-485తో వచ్చిన వర్క్ పర్మిట్ మీదకు మారిపోయాడా? మారిపోతే కోడలికి హెచ్-4 రాదు, అతని తేదీ వచ్చేదాకా ఆమె ఇక్కడే ఉండాలి.

ఈ తొందరలో చాలామంది చేసే పని ముందు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫికెట్ తీసుకుని, తంతు ఆరు నెలల తర్వాత పెట్టుకోవడం. హిందూ వివాహ చట్టం కింద అది చెల్లదు. తంతు జరగకుండా తెచ్చుకున్న రిజిస్ట్రేషన్‌తో పెళ్లి అయినట్టు కాదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మాఘం దాకా ఆగలేకపోతే అన్నవరంలోనో తిరుమల కల్యాణవేదికలోనో పది మందితో పద్ధతిగా పెళ్లి చేసి, వెంటనే రిజిస్టర్ చేయించండి. మాఘంలో ఊరందరికీ రిసెప్షన్ పెట్టుకోవచ్చు. తంతు లేకుండానే కావాలనుకుంటే ప్రత్యేక వివాహ చట్టం ఉంది. అందులో మ్యారేజ్ ఆఫీసర్ ముందు చేసే ప్రమాణమే పెళ్లి. అయితే 30 రోజుల నోటీసు తప్పదు, ఇద్దరిలో ఒకరు అంతకుముందు 30 రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి. పదిహేను రోజుల సెలవు మీద వచ్చే అబ్బాయి ఉంటే, ఆ షరతు పెళ్లికూతురి వైపు నుంచే తీరాలి.

ఇలాంటి కుటుంబాల్లో కొందరికి తెలియని లాభం ఒకటుంది. కోడలు ఇండియాలో కాక నేపాల్‌లోనో శ్రీలంకలోనో పుట్టి ఉంటే, పౌరసత్వం ఏదైనా సరే, గ్రీన్ కార్డు క్యూ పుట్టిన దేశాన్ని బట్టి ఉంటుంది కనుక అబ్బాయి ఆమె పుట్టిన దేశపు క్యూలో నిలబడవచ్చు. ఏళ్ల నిరీక్షణ ఒక్కసారిగా తగ్గిపోతుంది.

ప్రశ్న: టూరిస్ట్ వీసా నా చేతిలో ఉంది. దాని మీదే వెళ్లి, అక్కడే పెళ్లి చేసుకుని ఉండిపోతే ఎలా ఉంటుంది?
— నిజామాబాద్

జవాబు: వెళ్లి పెళ్లి చేసుకుని, గడువులో తిరిగొచ్చి ఇక్కడి నుంచి భార్యాభర్తల వీసాకు పెట్టుకుంటే తప్పులేదు. ఉండిపోవాలన్న ఉద్దేశంతోనే ఎక్కి, ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో ‘చూడటానికి వచ్చాను’ అంటే అది తప్పుడు సమాచారం. రుజువైతే జీవితకాల నిషేధం పడవచ్చు. దిగిన 90 రోజుల్లోపు పెళ్లి చేసుకుని అక్కడే కాపురం పెడితే ఆ అనుమానం మరింత బలపడుతుంది.

ప్రశ్న: నాకు మొదటి పెళ్లి అయి, పెద్దమనుషుల్లో విడిపోయాం. స్టాంపు పేపర్ మీద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. ఇప్పుడు అమెరికా పౌరురాలితో పెళ్లి కుదిరింది. ఆ కాగితం సరిపోతుందా?
— తెనాలి

జవాబు: సరిపోదు. కోర్టు డిక్రీ లేకుండా జరిగిన రెండో పెళ్లి చెల్లదు, దాని మీద వేసిన పిటిషనూ నిలవదు. ఆచారంగా వచ్చే విడాకులను చట్టం పూర్తిగా తోసిపుచ్చలేదు గానీ, మీ కులంలో ఆ ఆచారం తరతరాలుగా ఉందని నిరూపించే భారం మీదే. దాన్ని నమ్ముకోవద్దు. పరస్పర అంగీకారంతో హిందూ వివాహ చట్టం 13-బీ సెక్షన్ కింద దాఖలు చేయండి. అప్పటికి ఏడాదిగా విడివిడిగా ఉండాలి, దాఖలయ్యాక మామూలుగా మరో ఆరు నెలలు. వాదనలు జరిగి డిక్రీ వచ్చిన కేసులైతే అప్పీలుకు ఉన్న 90 రోజులు దాటాకే తాళి కట్టాలి. సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు ముందే తీసుకోండి.

ప్రశ్న: దుబాయ్‌లో ఆరేళ్లు పనిచేసి వచ్చాను. భార్య అమెరికా పౌరురాలు, ఐ-130 అప్రూవ్ అయింది. కాగితాల్లో ఎక్కడ ఆగిపోతుంది?
— జగిత్యాల

జవాబు: మొదట దుబాయ్ దగ్గరే. పదహారేళ్లు దాటాక ఏడాదికి మించి ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీస్ క్లియరెన్స్ కావాలి. పాస్‌పోర్టు సేవా కేంద్రం ఇచ్చే మన దేశపు పత్రం ఒక్కటే సరిపోదు.

రెండోది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, మ్యారేజ్ సర్టిఫికెట్‌లో పేరు తర్వాత ఇంటిపేరు. ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్ చేయించవచ్చు గానీ, ముందు మ్యారేజ్ సర్టిఫికెట్‌ను పాస్‌పోర్టుకు సరిపోయేలా దిద్దించుకోండి. జనన ధ్రువపత్రం లేకపోతే గ్రామ పంచాయతీ లేదా మున్సిపాలిటీ నుంచి ‘రికార్డు దొరకలేదు’ అన్న పత్రం, దానికి పదో తరగతి మెమో జతచేయాలి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ అనువాదకుడి సంతకంతో ఇంగ్లిష్ అనువాదం ఉండాలి.

మూడోది ఆదాయం. ఐ-864 అనే స్పాన్సర్ పత్రంలో మీ భార్య సంపాదన పేదరిక రేఖకు 125 శాతం ఉండాలి. 2025 లెక్కలో ఇద్దరున్న ఇంటికి అది ఏడాదికి సుమారు 26,437 డాలర్లు. తగ్గితే అమెరికాలో ఉండే పౌరుడో గ్రీన్ కార్డుదారుడో జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టవచ్చు. ఇక్కడి పొలం చూపిస్తామని చాలామంది అంటారు, ఏడాదిలోగా అమ్మి ఆ డబ్బు అక్కడికి తేగలమని రుజువు చేయగలిగితేనే అది లెక్కలోకి వస్తుంది.

ఇంటర్వ్యూ ముంబయిలో. హైదరాబాద్ నానక్‌రాంగూడ కాన్సులేట్ ఈ వీసాలు చూడదు. ఫొటోలు అయిదు వందలు మోసుకెళ్లకండి. పెళ్లి, రెండు వైపుల బంధువులు, పెళ్లి తర్వాత ఆమె వచ్చిన ప్రయాణాలు, ఇలా ఇరవై చాలు. వాటితోపాటు శుభలేఖ, టికెట్లు, డబ్బు పంపుకున్న వివరాలు తీసుకెళ్లండి.

ప్రశ్న: నా భార్య ఫిలిప్పీన్స్ పౌరురాలు. విశాఖలోనే ఉండిపోవాలనుకుంటున్నాం. ఆమెకు ఏ వీసా?
— విశాఖపట్నం

జవాబు: భారత పౌరుడి భార్యగా ఎంట్రీ వీసా, అంటే ఎక్స్ వీసా. టూరిస్ట్ వీసా మీద వచ్చి ఇక్కడ పెళ్లి చేసుకున్నవారు విదేశీయుల నమోదు కార్యాలయానికి (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి మార్పించుకోవచ్చు. 180 రోజులకు మించిన వీసాతో దిగితే 14 రోజుల్లో నమోదు చేయించాలి. పెళ్లి రిజిస్టరయి, కలిసి ఉంటూ రెండేళ్లు నిండాక ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకు పెట్టవచ్చు. ఇక్కడి నుంచి అయితే ఫీజు 15,000 రూపాయలు, భద్రతా విచారణ తప్పదు. విడాకులైతే ఆ కార్డు పోతుంది. ఓసీఐ ఉన్నా ఆమె పేరున వ్యవసాయ భూమి కొనడం కుదరదు, కనుక తోట కొనే ఆలోచన ఉంటే రిజిస్ట్రేషన్ మీ పేరునే పెట్టుకోండి.