పాత జీపుకు వెనుక యాక్సిల్ కొనే ముందు ముందరి యాక్సిల్ నిష్పత్తిని మీ చేతులతో కొలవండి

1940ల చివరి నాటి విల్లీస్ జీపును తిరిగి నిలబెడుతున్నానని, దాని వెనుక యాక్సిల్ హౌసింగ్ వంగిపోయిందని, ఆ స్థానంలో తరువాతి కాలపు బలమైన యాక్సిల్ వేయవచ్చా అని, మిగిలిన డ్రైవ్ భాగాలను ఏ లెక్కన ఎంచుకోవాలని మీరు అడిగారు. బలమైనది అన్న కారణంతో వేయవద్దనే నేను గట్టిగా చెబుతాను. ఆ బండికి కంపెనీలో బిగించిన రకాన్నే ఓపికగా వెతికి తెచ్చుకోండి.

బలం సంగతి తరువాత చూడవచ్చు. ముందు డిఫరెన్షియల్ (యాక్సిల్‌లో ఉండి, షాఫ్టు తిరుగుడును రెండు చక్రాలకూ పంచే గేర్ల గూడు) ఎక్కడ కూర్చుంటుందో చూడాలి. ఆ జీపుల్లో ఇంజన్ శక్తిని ముందు, వెనుక యాక్సిళ్లకు పంచే డానా 18 ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి, యాక్సిళ్లకు చేరే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులూ కుడి పక్క నుంచే బయలుదేరుతాయి కనుక వెనుక డిఫరెన్షియల్ కూడా కుడి వైపుకు జరిగి ఉంటుంది. 1972లో సీజే-5 అనే తరువాతి జీపుకు డానా 20 ట్రాన్స్‌ఫర్ కేసు వచ్చిన తరువాత వెనుక షాఫ్టు మధ్యకు మారింది, దానితో పాటు యాక్సిల్ కూడా మారింది. ఆ మధ్య డిఫరెన్షియల్‌ను తెచ్చి డానా 18కి కలిపితే షాఫ్టు పక్కకు వాలి నడుస్తుంది. చక్రాల మధ్య దూరం 80 అంగుళాలే ఉన్న బండిలో వెనుక షాఫ్టు అసలే చాలా పొట్టిది, అందువల్ల కొద్దిపాటి వాలు కూడా పెద్ద కోణంగా మారి, వణుకు మొదలై, షాఫ్టు చివర్లలోని జాయింటు క్రాసులు త్వరగా అరిగిపోతాయి.

అయితే సరైన రకం యాక్సిల్ దొరికినంత మాత్రాన పని పూర్తయినట్లు కాదని నాకు తెలిసివచ్చిన సందర్భాన్ని చెప్పాలి. నేను రెండవ ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ ఎంబీ జీపును బాగుచేస్తున్నప్పుడు చాలా కాలం వెతికి ఒక వెనుక యాక్సిల్ సంపాదించాను. అమ్మిన వ్యక్తి అది పాత జీపులన్నిటికీ సరిపోతుందని హామీ ఇచ్చారు. స్ప్రింగుల మీద చక్కగా కూర్చుంది, షాఫ్టు కుదిరింది, బేరింగులు, ఆయిల్ సీళ్లు అన్నీ కొత్తవి వేశాను. రెండు చక్రాల డ్రైవ్‌లో కొన్ని వారాల పాటు నడిపినా ఏ శబ్దమూ రాలేదు.

ఒక రోజు గట్టి నేల మీద ముందు చక్రాల డ్రైవ్ కూడా కలిపి నడిపాను. కొద్ది దూరం వెళ్లేసరికి స్టీరింగ్ బిగుసుకుపోయింది. ఎవరో బ్రేకు తొక్కి పట్టుకున్నట్లు బండి ఈడ్చుకుంటూ కదిలింది. ఆపి ముందు డ్రైవ్‌ను విడదీయబోతే దాని లీవర్ రెండు చేతులతో పట్టినా కదలలేదు. చివరికి ఒక ముందు చక్రం కింద జాకీ పెట్టి మెల్లగా లేపాను. టైరు నేలను వదిలిన క్షణంలో, ఎవరూ ముట్టుకోకుండానే, ఆ చక్రం టప్పున శబ్దం చేస్తూ తిరిగింది. ఆ తరువాత లీవర్ ఒక వేలితో జరిగింది. అప్పుడు నా చెయ్యి ఆ చక్రం మీద లేకపోవడం అదృష్టమని ఈనాటికీ అనుకుంటాను.

రెండు డిఫరెన్షియళ్ల మూతలూ విప్పి పళ్లు లెక్కపెట్టాను. ముందరి యాక్సిల్‌లో చక్రాలను తిప్పే పెద్ద గేరు క్రౌన్ వీల్‌కు 39, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కు 8, అంటే పినియన్ 4.88 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు; నిష్పత్తి అంటే ఇదే. వెనుక 43, 8, అంటే 5.38. ఎంబీ నిష్పత్తి మొదటిది. యుద్ధం ముగిశాక వచ్చిన సీజే-2ఏ నిష్పత్తి రెండవది. సీజే-2ఏ తొలి బండ్లలోని వెనుక యాక్సిల్ బయటి నుంచి చూస్తే ఎంబీ దానిలాగే ఉంటుంది కనుక నేను పోల్చుకోలేకపోయాను. చక్రాలు ఒక చుట్టు తిరగడానికి వెనుక షాఫ్టు ముందరి దానికంటే సగం చుట్టు ఎక్కువ తిరగాలి, కానీ ట్రాన్స్‌ఫర్ కేసు రెండింటినీ ఒకే వేగంతో తిప్పుతుంది. బురదలోనో ఇసుకలోనో టైర్లు జారి ఆ తేడాను సర్దుకుంటాయి. గట్టి నేల మీద మాత్రం ఆ మెలి అంతా షాఫ్టుల్లో పేరుకుపోతుంది.

అప్పుడు నేను పడిన బాధ యాక్సిల్ గురించి మాత్రమే కాదు. విడిభాగాలు అమ్మేవారిలో కొందరు క్రౌన్ వీల్‌ను ఒకరికి, పినియన్‌ను మరొకరికి అమ్ముతున్నారు. ఆ రెండింటినీ ఒకదానితో ఒకటి నూరి జతగా తయారుచేస్తారు, జత విడదీస్తే షిమ్ములు (గేర్ల ఎడం సర్దే పలుచని రేకులు) ఎన్ని మార్చినా ఊళ వేస్తూనే ఉంటాయి. కొన్నవారు తమ బిగింపులోనే లోపం ఉందనుకుని నెలల తరబడి షిమ్ములు మారుస్తుంటారు. డానా 18 లోపల మధ్య గేరును మోసే ఇంటర్మీడియట్ షాఫ్టు విషయంలోనూ ఇటువంటి నష్టమే జరుగుతోంది: అది కాలాన్ని బట్టి 3/4, 1 1/8, 1 1/4 అంగుళాల మందంలో వచ్చింది, కానీ మందం చెప్పకుండానే గేర్లు అమ్ముతున్నారు.

ఏ నిష్పత్తి మేలంటే, మీ బండిలో పాత 60 హార్స్‌పవర్ ఇంజన్, 6.00-16 టైర్లు ఉంటే 5.38 వైపే నేను మొగ్గుతాను. రోడ్డు మీద వేగం తగ్గినా ఎత్తులెక్కేటప్పుడు ఇంజన్ కష్టపడదు. నాలుగు టైర్లూ ఒకే కొలతలో ఉండాలి. మీకు దొరికే యాక్సిల్‌కు హబ్బులో కూర్చునే చివర కోసుగా (సన్నబడుతూ) ఉన్న షాఫ్టులుంటే కోసును, షాఫ్టును హబ్బుతో కలిపి పట్టే చిన్న ఇనుప ముక్క అయిన కీ కూర్చునే గాడిని వేలితో తడిమి చూడండి. చివరి నట్టు వదులుగా ఉండగా నడిపిన బండిలో కీ తెగి, గాడి వెడల్పై ఉంటుంది; అటువంటి షాఫ్టును తిరిగి వాడకూడదు.

కొనే ముందు మూత విప్పనివ్వకపోతే ఇలా చేయండి. పినియన్ ఫ్లాంజి (షాఫ్టును బిగించే పళ్లెం) మీద, హౌసింగ్ మీద ఎదురెదురుగా సుద్దతో గీతలు గీసి, ఒక పక్క హబ్బును కదలకుండా మరొకరిని పట్టుకోమని, రెండవ పక్క హబ్బును సరిగ్గా 20 చుట్లు తిప్పండి; ఒక పక్క కదలదు కనుక లోపల క్రౌన్ వీల్ 10 చుట్లే తిరుగుతుంది. ఫ్లాంజి 48 దాటి 49కి కాస్త ముందు ఆగితే 4.88, 53 దాటి 54కి కాస్త ముందు ఆగితే 5.38. రెండు చుట్లు తిప్పి తేల్చుకోవాలని చూస్తే ఆ సగం చుట్టు తేడా పాత గేర్ల ఆటలో కలిసిపోవచ్చు, అందుకే 20 చుట్లూ తిప్పండి. ఇదే లెక్కను మీ ముందరి యాక్సిల్‌కు ఇంట్లోనే చేసి, ఆ సంఖ్యను కాగితం మీద రాసుకుని వెళ్లండి.