మధ్యాహ్నం కాంగనే రీస్టార్ట్ అయితున్న సర్వర్

ప్రశ్న: అన్నా, మాది వరంగల్ చౌరస్తా దగ్గర బట్టల దుకాణం. బిల్లింగ్ కోసం సెకండ్ హ్యాండ్ టవర్ సర్వర్ కొన్నం, పొద్దున మంచిగనే ఉంటది, ఎండ ముదిరినంక దానంతట అదే రీస్టార్ట్ అయితంది, ముందట ఆరెంజ్ లైట్ వస్తది. విండోస్ మళ్ల వేయించినా ఫరక్ పడలే. మెకానికేమో మదర్‌బోర్డ్ మార్చాలంటుండు. మార్చాల్నా?

జవాబు: ఆగు తమ్మీ, బోర్డు జోలికి ఇప్పుడే పోకు. ఆరెంజ్ లైట్ వచ్చినంక విండోస్ వేయించుడు అంటే జరమొచ్చినోనికి అంగీ మార్చినట్టే. సర్వర్‌ల బీఎంసీ అని వేరే చిప్ ఉంటది, డెల్‌ల ఐడ్రాక్, హెచ్‌పీల ఐలో అంటరు, విండోస్ పడిపోయినా అది నడుస్తనే ఉంటది, వేడి, ఫ్యాన్లు, పవర్ సప్లై, ర్యామ్ తప్పులు అన్నీ టైమ్‌తో సహా లాగ్ అనే చిట్టాల రాస్తది. ముందు అది తెరిచి చదవమను. తారీఖులు అడ్డదిడ్డంగ కనిపిస్తే బోర్డు మీది సీఆర్ 2032 సెల్ అయిపోయిందేమో చూడాలె, పాత మిషన్లల్ల ఇది మామూలే.

లాగ్‌ల టెంపరేచర్ అని ఉంటే నాకైతే మీ దుకాణం దూది నుసి మీదనే అనుమానం, అది చిప్ వేడిని గుంజే లోహపు రెక్కలు, అదే హీట్‌సింక్, సందులల్ల చాపలెక్క పేరుకుంటది. సర్వర్‌లకు పోయే గాలి 18 నుంచి 27 డిగ్రీలుండాలని ఏసీ, కూలింగ్ ఇంజనీర్ల సంస్థ ఆష్రే చెప్తది, మన ఓరుగల్లు ఎండల్ల మెట్ల కింది గూట్ల పెడితే ఎట్ల తట్టుకుంటది. వైర్లు పీకి, ఫ్యాన్ తిరగకుండ వేలుతోని పట్టుకొని బ్లోయర్ కొట్టించు.

పవర్ పోయినట్టు రాసి ఉంటే యూపీఎస్ బ్యాటరీ చూడాలె. రెండు పవర్ సప్లైలున్నా రెండూ ఒకే యూపీఎస్‌కు పెడితే, అది పోయిన్నాడు రెండూ పోతయ్.

ఇగ ర్యామ్. ఈసీసీ ర్యామ్ ఒక బిట్ తప్పును తనే సరిచేసుకుంటది, రెండు బిట్లు తప్పితే మామూలుగ సరిచేయలేదు, మిషన్ ఆగిపోతది. లాగ్‌ల స్లాట్ పేరు కూడ ఉంటది, ఆ ర్యామ్‌ను పక్క స్లాట్‌ల దాంతోని అటిటు మార్చి నడిపియ్. తప్పు ర్యామ్ వెంబడి పోతే ర్యామే ఖరాబు, పాత స్లాట్‌లనే ఉంటే అప్పుడు మీ మెకానిక్ మాట ఆలోచించాలె, అది కూడ సీపీయూ సాకెట్ పిన్నులు చూసినంకనే. ఒక్కసారి ఒక్కటే మార్చాలె, రెండు మారిస్తే దేనివల్ల బాగైందో తెల్వది.

ఇవన్నీ ముట్టకముందే బిల్లింగ్ డేటా బయట డిస్క్‌ల కాపీ చేసుకో. రెయిడ్ 5, అంటే డేటాను కొన్ని డిస్క్‌ల మీద పంచి పెట్టే పద్ధతి, ఉంటే నడుస్తున్నప్పుడు డిస్క్ ఊరికే పీకనియ్యకు, అది ఒక్క డిస్క్ పోవుడే తట్టుకుంటది.