తక్కువ చూపించిన వయల్

తమ్ముడూ,

లిక్విడ్ సింటిలేషన్ కౌంటింగ్ మీద, అంటే శాంపిల్‌ని వెలుగు పుట్టించే ద్రవంలో కలిపి ఆ మెరుపులతో రేడియోధార్మికత కొలవడం మీద, నువ్వు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఇలాంటి విషయం తెలుగులో రాయాలని పూనుకున్నందుకు చాలా సంతోషం. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. ‘క్వెంచింగ్ వల్ల శాంపిల్‌లో రేడియోధార్మికత తగ్గుతుంది’ అన్నావు. తగ్గదు. వయల్‌లో, అంటే శాంపిల్ పోసిన చిన్న సీసాలో, ఏం కలిపినా కేంద్రకాలు తమ పద్ధతిలో తాము విచ్ఛిన్నమవుతూనే ఉంటాయి. తగ్గేది మెషీన్ కంటపడే వెలుగు, క్వెంచింగ్ అంటే అదే. వ్యాసమంతా ఈ తేడా మీదే నడవాలి.

పాఠకుడి ముందు రెండు వయల్స్ పెట్టు. రెండింట్లోనూ ట్రిటియమే, అంటే రేడియోధార్మిక హైడ్రోజనే. బ్యాక్‌గ్రౌండ్ (శాంపిల్ లేకపోయినా పడే కౌంట్లు) తీసేశాక మొదటిది నిమిషానికి 1200 కౌంట్లు చూపింది, రెండోది 900. ట్రిటియం ఎందులో ఎక్కువ? ఎవరైనా మొదటిదే అంటారు. ఇప్పుడు ఎఫిషియెన్సీ, అంటే వంద విచ్ఛిన్నాల్లో మెషీన్ లెక్కపెట్టేవి ఎన్నో, చెప్పు: మొదటిదానికి 40 శాతం, రెండోదానికి 25. భాగించి చూస్తే మొదటిదాంట్లో నిమిషానికి 3000 విచ్ఛిన్నాలు, రెండోదాంట్లో 3600! ఎందుకలా అని పాఠకుడు తనే అడుగుతాడు. కారణం అప్పుడు చెప్పాలి. నువ్వు మొదటి పేరాలోనే చెప్పేశావు.

చెప్పేటప్పుడు శక్తి వెళ్లే దారినే పట్టుకో. బీటా కణం శక్తిని ముందు సాల్వెంట్ అందుకుంటుంది, ఫ్లోర్ అనే వెలుగునిచ్చే పదార్థానికి అందిస్తుంది, ఫ్లోర్ వెలుగుతుంది. ఆ దారి మధ్యలో క్లోరోఫాం, అసిటోన్ లాంటివి శక్తిని లాగేసుకుంటే కెమికల్ క్వెంచింగ్. కాక్‌టెయిల్‌లో (సాల్వెంట్, ఫ్లోర్ కలిసిన ద్రవంలో) కరిగిన ఆక్సిజన్ కూడా ఇదే పని చేస్తుంది. వెలుగు పుట్టాక శాంపిల్ రంగు దాన్ని పీల్చేస్తే కలర్ క్వెంచింగ్. ఫ్లోర్ వెలుగు నీలంవైపు ఉంటుంది కాబట్టి పసుపు, ఎరుపు శాంపిల్స్‌తోనే ఎక్కువ ఇబ్బంది.

దెబ్బ ట్రిటియానికే ఎందుకు గట్టిగా తగులుతుందో తప్పకుండా రాయి. దాని బీటా గరిష్ఠ శక్తి 18.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే, కార్బన్-14 ది 156. అసలే పుట్టే ఫోటాన్లు కొన్ని. వాటిలోనూ కొన్ని పోతే మెషీన్‌లో వెలుగును పట్టే రెండు ఫొటోమల్టిప్లయర్ ట్యూబులకూ ఒకేసారి వెలుగు అందదు, కౌంట్ పడదు.

క్వెంచింగ్ ఎంత ఉంటే ఎఫిషియెన్సీ ఎంతో చూపే క్వెంచ్ కర్వ్ గురించి ఒక్క ముక్కతో సరిపెట్టావు. శక్తిని లాగేసుకునే నైట్రోమీథేన్ కొంచెం కొంచెంగా పెంచుతూ, తెలిసిన రేడియోధార్మికత ఉన్న వయల్స్‌తో దాన్ని గీస్తారని చెప్పు. ట్రిటియం కర్వ్‌తో కార్బన్-14 లెక్క కట్టకూడదని, కాక్‌టెయిల్ మారితే పాత కర్వ్‌ని గుడ్డిగా నమ్మకూడదని కూడా చేర్చు. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఈ భాగం ఇంకో పేజీ పెరిగినా ఫర్వాలేదు.

తిరగరాసి పంపు. వెంటనే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య