లక్షా ఇరవై వేలు కట్టేముందు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. చిన్న బట్టల అంగడి ఉంది. మా వాడు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా చివరి ఏడాది. సైబర్ సెక్యూరిటీ తప్ప ఇంకేదీ వద్దంటున్నాడు. హైదరాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు ఆరు నెలల ఎథికల్ హ్యాకింగ్ కోర్సుకు లక్షా ఇరవై వేలు అడుగుతున్నారు. ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. అప్పు చేసి కట్టమంటారా?

జవాబు: కట్టొద్దండీ. అబ్బాయి కోరిక మంచిదే, దానికి మాత్రం అడ్డు చెప్పకండి. ముందు డిప్లొమా వాళ్లు ఇంజనీరింగ్‌లో చేరడానికి రాసే ఈసెట్ రాయించండి. 200 మార్కుల్లో 100 అతను చదివిన బ్రాంచి సబ్జెక్టులవే, లెక్కలకు 50. మంచి ర్యాంకు వస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరతాడు. బ్రాంచి పేరులో సైబర్ సెక్యూరిటీ అని లేకపోయినా దిగులుపడకండి, మామూలు సీఎస్‌ఈ చాలు.

ఈ రంగంలో మొదటి ఉద్యోగం సినిమాల్లో చూపించేలా ఉండదు. చాలామంది షిఫ్టుల్లో కూర్చుని, కంప్యూటర్లలో జరిగిందంతా వరుసగా నమోదయ్యే లాగ్‌లు చూస్తారు. రాత్రి రెండు గంటలకు ఒకే అడ్రసు నుంచి ఐదొందల సార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టారు, ఐదొందల ఒకటోసారి సరైనది పడింది. ఆ ఒక్క లైను కంటపడాలి, పడగానే పై వాళ్లకు చెప్పాలి. ఇలాంటి దాడిని గుర్తించిన 6 గంటల్లోపు తమకు తెలియజేయాలని సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022లోనే కంపెనీలను ఆదేశించింది. తెల్లారాక చూద్దాంలే అంటే కుదరదు.

ఆ చూపు రావాలంటే నెట్‌వర్కింగ్, అంటే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో తెలియాలి, విండోస్ లాంటిదే అయిన లైనక్స్ బాగా రావాలి. హ్యాకింగ్ టూల్స్ ఆ తర్వాతే. పునాది లేకుండా ఆరు నెలలు టూల్స్ నొక్కడం నేర్చుకున్న పిల్లలు ఇంటర్వ్యూలో వెబ్‌సైట్ పేరును దాని నంబరు అడ్రసుగా మార్చే డీఎన్‌ఎస్ ఎలా పనిచేస్తుందని అడిగితే ఆగిపోతారు. నాకు బాధ కలిగించేది అదే, వాళ్ల వెనక ఇంట్లో అప్పు ఉంటుంది.

పునాదికి డబ్బు అక్కర్లేదు. ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లోనే లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపించే వర్చువల్‌బాక్స్ వేసి లైనక్స్ పెట్టుకోవచ్చు. ఓవర్‌ద‌వైర్‌ అనే వెబ్‌సైట్‌లో బ్యాండిట్ అనే ఆట ఉంది, ఉచితం. ఒక మెట్టు దాటితేనే తర్వాతి మెట్టుకు పాస్‌వర్డ్ దొరుకుతుంది. ఆడుతుంటే లైనక్స్ కమాండ్లు చేతికొస్తాయి. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ల పికోసీటీఎఫ్ అనే హ్యాకింగ్ పజిళ్ల పోటీ కూడా ఉచితమే.

ఒక్క విషయం గట్టిగా చెప్పండి. పక్కింటి వైఫై అయినా, కాలేజీ వెబ్‌సైట్ అయినా అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. సరదాకే చేశానంటే చట్టం ఊరుకోదు. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా పడొచ్చు. కేసు నమోదైతే ఈ రంగంలో ఎవరూ నమ్మి పని ఇవ్వరు.

ఈ నెలలో బ్యాండిట్‌లో పది మెట్లు ఎక్కమనండి. ఎలా ఎక్కాడో ఇంగ్లీషులో నోటుబుక్కులో రాయమనండి, ఉద్యోగంలో రిపోర్టులు రాయక తప్పదు. అంగడి కట్టేసి ఇంటికొచ్చాక వాటిలో ఒకటి మీకు తెలుగులో విడమరచి చెప్పమనండి. మీకు అర్థం కాకపోతే మళ్లీ అడగండి.