శనివారం సంచి

కందుకూరు పక్క పల్లెటూరి నుంచి నెల్లూరు వచ్చి, హాస్టల్లో ఉంటూ లా మొదటి సంవత్సరం చదువుతున్న ఇరవై రెండేళ్ల అమ్మాయి రెండు పేజీల ఉత్తరం రాసింది. డిగ్రీ దాకా తెలుగు మీడియమేనట. క్లాసులో సగమే అర్థమవుతోంది, సెక్షన్ల నంబర్లు గుర్తుండడం లేదు, కాలేజీలో వాదన నేర్పడానికి పెట్టే మూట్ కోర్టులో లేచి నిలబడితే కాళ్లు వణికాయి. లా మానేసి గ్రూప్-2 కోచింగ్‌కి పోనా అని అడిగింది. నా కూతురికన్నా చిన్నది కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

అమ్మా, మానేయొద్దు. నంబర్ల గురించి టెన్షన్ పడకు. 2024 జులై 1న పాత ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక, ముప్ఫై ఏళ్లు ప్రాక్టీసు చేసిన ప్లీడర్లే హత్యకు 302 అనబోయి నాలుక కరుచుకుని 103 అంటున్నారు. మోసగాడిని 420 అని తిట్టడం కూడా పాతబడింది, ఇప్పుడది 318. ఇక ఇంగ్లీషంటావా, ఏ కేసునైనా ముందు మీ అమ్మకు చెప్పినట్టు తెలుగులో చెప్పుకుని, ఆ తర్వాత పుస్తకం తెరువు. ఏడాది తిరిగేసరికి అలవాటవుతుంది. నీ ప్రశ్నకు జవాబు ఇంతే.

నన్ను ఆపేసింది రెండో పేజీ చివర నువ్వు ఇరికించి రాసిన నాలుగు ముక్కలు. "ప్రతి శనివారం నాయన కాగితాల సంచితో హాస్టల్‌కి వస్తాడు. పెదనాయన మీద పదకొండేళ్లుగా తాతల నాటి పొలం దావా నడుస్తోంది. నాకు లా సీటు వచ్చిన రోజు, మన కేసు నేనే గెలిపిస్తా నాయనా అని మాటిచ్చాను. మొన్న సంక్రాంతికి పెదనాయన కూతురు ఎదురొచ్చి, ఏం పాపా బాగుండావా అంటే, నాయన చూస్తున్నాడని తల తిప్పుకున్నాను. చిన్నప్పుడు నాకు జడలేసింది ఆ అక్కే."

కాళ్లు వణకడానికి ఇంగ్లీషే కారణమని ఇంకా అనుకుంటున్నావా? తోటి పిల్లలు ఊరూ పేరూ తెలియని వాది ప్రతివాదుల గురించి చదువుకుంటుంటే, నీ పుస్తకంలో మాత్రం ప్రతి పేజీలో పెదనాయన కూర్చుని ఉన్నాడు. నువ్వింకా విద్యార్థినివి కాలేదు, వాది కూతురిగానే క్లాసుకు పోతున్నావు. మూట్ కోర్టు ఉత్తుత్తి కోర్టని అందరికీ తెలుసు. అక్కడ నోరు పెగలకపోతే అసలు కోర్టులో నాయన గతి ఏమిటన్నదే నీ భయం.

మీ నాయన చెడ్డవాడని అననమ్మా. పదకొండేళ్ల వాయిదాలంటే ఏమిటో నాకు తెలుసు. పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని కోర్టుకు పోవడం, పేరు పిలిచేదాకా చెట్టు కింద నిలబడడం, మధ్యాహ్నానికి మరో తేదీ కాగితం మీద రాయించుకుని రావడం. 2022లో మీ కందుకూరు ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాలోకి మారింది. జిల్లా సరిహద్దే జరిగింది గానీ మీ చేని గట్టు జరగలేదు. అలా విసిగిపోయిన మనిషికి కూతురి లా సీటు దేవుడు పంపిన ప్లీడరులా కనిపించడంలో వింత లేదు. అయితే ఆయన కష్టం పెద్దది కాబట్టి ఆయన పగ కూడా నువ్వే మోయాలనడం మాత్రం నేను ఒప్పుకోను. తండ్రికి కూతురు ముసలితనంలో అన్నం పెట్టాలి, మందులు తేవాలి, ఆసుపత్రిలో పక్కన కూర్చోవాలి. ఆయన అన్న మీద విసిరే రాయి కావడం బాధ్యతల్లోకి రాదు.

మాటిచ్చానంటావు. కాంట్రాక్ట్స్ పుస్తకంలో జోన్స్ వర్సెస్ పడవాటన్ అని 1969 కేసు ఉంటుంది, ఈసారి ఆగి చదువు. ట్రినిడాడ్‌లో ఉన్న తల్లి, వాషింగ్టన్‌లో మన భారత రాయబార కార్యాలయంలోనే పనిచేస్తున్న కూతురిని ఉద్యోగం మానిపించి, నెలకు 200 డాలర్లు ఇస్తానని చెప్పి ఇంగ్లండులో లా చదవమంది. తర్వాత లండన్‌లో ఒక ఇల్లు కూడా కొంది. చదువు తెమల్లేదు, ఇద్దరికీ చెడింది. ఇల్లు ఖాళీ చెయ్యమని తల్లి కోర్టుకెక్కింది. ఇది కుటుంబంలో నమ్మకం మీద నడిచిన ఏర్పాటే తప్ప చట్టం అమలు చేసే ఒప్పందం కాదని తీర్పు వచ్చింది. గెలిచింది తల్లే. ఏం గెలిచిందో నువ్వే చెప్పు. సీటు వచ్చిన సంతోషంలో నువ్వు అన్న మాటా అలాంటిదే. దాన్ని బాకీ పత్రంలా దిండు కింద పెట్టుకుని పడుకోకు.

ఇంకొకటి, దీన్ని మీ నాయనకు ఎవరూ చెప్పి ఉండరు. తాతల నాటి ఆస్తి అన్నావు. అలాంటి ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు మన రాష్ట్రంలో 1986 చట్టంతోనూ, దేశమంతటా 2005 సవరణతోనూ వచ్చింది. అంటే ఆ పొలంలో నీకూ వాటా ఉంది. తనకు డబ్బు సంబంధం ఉన్న కేసును వకీలు తాను నడపకూడదని బార్ కౌన్సిల్ నియమం. కాబట్టి రేపు నువ్వు నల్లకోటు వేసుకున్నా ఈ దావాకు పనికిరావు. (వాటా గురించి నీతో ఎవరైనా ఒక్కసారైనా మాట్లాడారా? ఊరికే అడిగాను. దాని మీద ఇంకో దావా వద్దు.)

ఈ శనివారం నాయన వస్తే సంచి విప్పనివ్వకు. రెండు బస్సులు మారి వచ్చిన మనిషి, ముందు ట్రంకు రోడ్డులో ఏదైనా మంచి హోటల్‌కి తీసుకుపోయి చేపల పులుసుతో అన్నం పెట్టించు. తిన్నాక చెప్పు. "నాయనా, బార్ కౌన్సిల్లో వకీలుగా ఎన్‌రోల్ కాకుండా కేసు చూసే హక్కు నాకు లేదు. అయ్యాక కూడా పెదనాయన మీద వకాల్తా వెయ్యను." ఈ రెండో వాక్యాన్ని మింగెయ్యొద్దు. మొదటిదే చెప్పి ఊరుకుంటే ఆయన మూడేళ్లు ఎదురుచూస్తాడు, ఆ మూడేళ్లూ నీకు నిద్ర ఉండదు. కోప్పడతాడు. ఒకటి రెండు శనివారాలు రాకపోవచ్చు కూడా. ఫోన్ మాత్రం నువ్వే చెయ్యి, కేసు ఊసెత్తకుండా ఆరోగ్యం అడుగు.

కోపం తగ్గాక లోక్ అదాలత్ మాట ఎత్తు. దావా నడుస్తున్న కోర్టులోనే న్యాయ సేవల వాళ్లుంటారు. అక్కడ రాజీ పడితే కోర్టు ఇచ్చే డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. ఆ కబురు నీ నోటితో కాకుండా మీ నాయన ప్లీడరు ద్వారా వెళ్లాలి. అన్నదమ్ములిద్దరూ సరేనంటేనే అయ్యే పని ఇది. కాకపోతే నీ తప్పేం లేదు, నువ్వు పోయి నీ టార్ట్స్ పాఠం చదువుకో.

అక్క సంగతికి మాత్రం ఎవరి రాజీ అక్కర్లేదు, నాయన అనుమతీ అక్కర్లేదు. ఆమె నంబరు నీ ఫోన్లో ఇంకా ఉండే ఉంటుంది. శనివారం దాకా ఆగకు, ఈ రాత్రే చెయ్యి. బాగుండావా అని అడిగింది కదా, ఆ మాటకు జవాబు చెప్పు.